వెయ్యిన్ని పదహారు పేజీలకు నాలుగు అభిప్రాయాలు

పుస్తకాన్ని పూర్తిగా చదివినవాళ్ల మాట ఎప్పుడూ నమ్మకండి. వాళ్లు అలసిపోయి ఉంటారు. కళ్లు మంటలు, మెడ నొప్పి, ఇంట్లోవాళ్లతో మాటలు బంద్. అలాంటి స్థితిలో ఉన్న మనిషి చెప్పే అభిప్రాయానికి విలువేముంటుంది? అదే, పావు వంతు చదివి పక్కన పెట్టినవాడిని చూడండి. బుర్ర ఎంత తేటగా ఉంటుందో!

ఇది నేను ఊరికే అనడం లేదు. మార్కాపురంలో మేం ఈ పద్ధతిని మూడు నెలలపాటు ఆచరించి చూశాం. ఫలితాలు మీ ముందు పెడుతున్నాను.

మా పడమటి ప్రకాశంలో వానతో, బోరుతో, ఎరువుతో పని లేకుండా పండే పంట ఒక్కటే ఉంది. అభిప్రాయం. ఏడాది పొడుగునా కోతకొస్తుంది. పురుగు పట్టదు. అటువంటి నేలలోకి ఆ మధ్య ఒక నవల వచ్చి పడింది. పేరు ‘ఎనభై మూడో వేసవి’. పేజీలు వెయ్యిన్ని పదహారు. తలకింద పెట్టుకుంటే మెడ పట్టేస్తుంది, తలుపుకు అడ్డం పెడితే గాలివాన కూడా కదిలించలేదు.

రాసింది తనూజ. హనుమంతునిపాడు పక్క పల్లెటూరి అమ్మాయి, ఒంగోలులో కాలేజీ లెక్చరర్. కథ ఏమిటంటే, ప్రపంచం అంతమైపోతుంది, ఆపైన ఎనభై మూడేళ్లు గడుస్తాయి. ఎక్కడో కొద్దిమంది మిగిలారు. రోజూ పొద్దుగూకే వేళకు చచ్చినవాళ్లు ఖాళీ బిందెలతో లేచి వచ్చి వరసలో నిలబడతారు. వాళ్లవైపు తిరిగి చూసినవాడు కూడా ఆ వరసలో కలిసిపోతాడు. ఇదంతా అట్ట వెనక రాసి ఉంది. అందువల్లనే నాకు తెలుసు.

ఆన్‌లైన్‌లో ఈ నవల మీద జనం రెండుగా చీలిపోయారు. కొందరు అయిదు స్టార్లు, కొందరు ఒకటే స్టార్. మూడు ఇచ్చినవాడు ఒక్కడూ లేడు. ఒకాయన పార్సిల్ అట్టపెట్టె నలిగిందని ఒక స్టార్ ఇచ్చాడు. ఇంకొకామె, తనకు దెయ్యాలంటే పడవు కాబట్టి పుస్తకం తెరవలేదని నిజాయితీగా చెప్పి మరీ ఒక స్టార్ ఇచ్చింది. హైదరాబాదు నుంచి ఒకాయన అయిదు స్టార్లిచ్చి, ‘నీళ్ల కోసం మనుషులు ఆరు రోజులు ఎదురుచూడటమనే ఊహ అద్భుతం, రచయిత్రికి ఇలాంటి ఆలోచనలు ఎక్కడి నుంచి వస్తాయో!’ అని ఆశ్చర్యపోయాడు.

మేం నలుగురం కలిసి ఒక కాపీ తెప్పించాం. అది ఎవరి దగ్గర ఉండాలన్న చోట గొడవ వచ్చింది. మాలో గురునాథానికి బస్టాండు దగ్గర స్టేషనరీ షాపుంది, బైండింగ్ కూడా చేస్తాడు. చిన్నప్పటి నుంచి కాగితాల మధ్య పెరిగినవాడు, ఏ సమస్య అయినా కటింగ్ మిషన్‌తో తీరిపోతుందని ఆయన నమ్మకం. నవలను మిషన్ కింద పెట్టి నాలుగు సమాన భాగాలు చేశాడు. ఒక్కొక్కటి రెండువందల యాభై నాలుగు పేజీలు. నాలుగింటికీ క్యాలికో గుడ్డ అంటించి, ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని నంబర్లు వేశాడు. వాక్యం మధ్యలో తెగిందా, మాట మధ్యలో తెగిందా అని చూడలేదు. అది రచయిత్రి చూసుకోవలసిన విషయమని ఆయన వాదన.

ఒకటో ముక్క నాకొచ్చింది. రెండోది గురునాథం తీసుకున్నాడు. మూడోది గిద్దలూరు దగ్గర రైతు మాలకొండయ్యకు, నాలుగోది పెద్దదోర్నాలలో తెలుగు టీచరుగా ఉన్న అరుణకుమారికి పోయాయి. చదవడం అయిపోయినవాళ్లు తమ ముక్కను బస్టాండు ఎదురుగా రోశమ్మ టిఫిన్ హోటల్లో ఇచ్చి, అక్కడున్న ఇంకో ముక్క తీసుకుపోవాలి. ఇదీ మా ఒప్పందం.

ఇచ్చెయ్యడంలో నలుగురం మొనగాళ్లమే. నెల తిరక్కుండా నాలుగు ముక్కలూ రోశమ్మ దగ్గరికి చేరిపోయాయి. తీసుకుపోవడానికి మాత్రం ఒక్కరం వెళ్లలేదు. ఎందుకు వెళ్తాం? అప్పటికే అందరికీ అభిప్రాయాలు వచ్చేశాయి. అభిప్రాయం వచ్చేశాక ఇక పుస్తకంతో ఏం పని?

నా అభిప్రాయం ఏమంటే, అది చక్కటి కుటుంబ కథ. నా ముక్క నిండా పెళ్లిచూపులు, అలకలు, వియ్యంకుల మర్యాదలు. ప్రపంచం అంతమయ్యేది రెండువందల నలభయ్యో పేజీలో, అదీ విందులో రెండో బంతి లేచాక. ఇక చివరి వాక్యం ఉంది చూడండి, ‘తలుపు తీసి చూసేసరికి ఎదురుగా’ అని ఆగిపోతుంది. ఎంత సాహసం! ఎదురుగా ఏముందో చెప్పకుండా పాఠకుడికే వదిలేసింది. దాని మీద నేను ఇదే కాలమ్‌లో రెండు వారాలు రాశాను.

గురునాథం మాత్రం అది ఇంట్లో ఉంచుకోదగ్గ పుస్తకం కాదన్నాడు. ఆయన ముక్కలో పేజీకి ఇద్దరు చొప్పున చచ్చిపోయి, అయిదు పేజీల తర్వాత లేచి వస్తారట. ఆ నెలంతా సాయంత్రం అయిదున్నరకే షట్టర్ దించేశాడు. మాలకొండయ్యకు అందులో దెయ్యమే కనిపించలేదు. మిగిలినవాళ్లు విత్తనాలు వెతుక్కుంటూ చేలల్లో తిరుగుతుంటారట. కంది ఎప్పుడు వెయ్యాలో కూడా తెలియని పిల్ల వెయ్యి పేజీలు ఎట్ల రాసిందని ఆయన బాధ. అరుణకుమారి ముక్కలో అందరూ అడవి దారిన శ్రీశైలం వైపు నడుస్తారు, దారి పొడుగునా ఏడుస్తారు. అందువల్ల అది భక్తి ప్రధానమైన యాత్రా గ్రంథమని ఆమె తేల్చింది.

ఒకే పుస్తకం నుంచి ఇన్ని పుస్తకాలు ఏ మహానగరంలో అయినా పుట్టాయా? ఫోన్లలో వాదించుకున్నాం. బస్సుల్లో వాదించుకున్నాం. గురునాథం, నేనూ పది రోజులు మాట్లాడుకోలేదు. సాహిత్యం ఇంతగా వర్ధిల్లడం మార్కాపురంలో నేనెప్పుడూ చూడలేదు.

ఈ సంగతి తనూజ చెవిన పడింది. సొంత ప్రాంతంలో నలుగురు తన నవల మీద కొట్టుకుంటున్నారంటే ఏ రచయిత్రి ఆగుతుంది? మొన్న ఆదివారం పొద్దున వచ్చింది. గురునాథం షాపు మేడ మీద సభ. మేం నలుగురం, ఇంకో పదిమంది, స్టీలు క్యారియర్లలో ఇడ్లీ, వడ తెచ్చిన రోశమ్మ.

తనూజ సంచిలోంచి నవల తీసి ఒళ్లో పెట్టుకుంది. ముక్కలు కానిది. దాని పక్కన ఎర్ర పెన్ను.

“హైదరాబాదు పబ్లిషర్లు రెండో ప్రింటు వేస్తామంటున్నారు సార్. సగానికి తగ్గిస్తేనే వేస్తారంట. తొమ్మిదేళ్లు రాసినాను, ఏది తియ్యాలో నాకు చేతకావడం లేదు. మీరు మా వైపువాళ్లు, చదివినోళ్లు. ఏది అక్కర్లేదంటే అది ఇక్కడే కొట్టేస్తా. రేపు పంపించాల” అంది.

ఇంత బాధ్యత మీద పడితే ఎవరైనా కాస్త తడబడతారు. మేం తడబడలేదు. మొదటి భాగం తప్ప తక్కినదంతా తీసెయ్యవచ్చని నేను చెప్పాను. తలుపు దగ్గర ఆపితే కళాఖండమని కూడా అన్నాను. తనూజ నావైపు విచిత్రంగా చూసింది. రెండో భాగం తప్ప తక్కినదంతా సాగతీతని గురునాథం అన్నాడు. ఇంట్లో ఉంచుకోకూడదన్నది కూడా దాన్నే! మాలకొండయ్య మూడోది ఉంచమన్నాడు, కంది సంగతి సరిచేసి. అరుణకుమారి నాలుగోది చాలంది.

తనూజ అన్నీ రాసుకుంది. చివర్లో చూస్తే ప్రతి భాగానికీ ఉంచమని ఒక ఓటు, తియ్యమని మూడు ఓట్లు పడ్డాయి. ప్రజాస్వామ్యం ప్రకారం నవల మొత్తం ఎగిరిపోయింది. అట్ట ఒక్కటే మిగిలింది. ఆ అమ్మాయి మొహం చూడలేక నేను వడ తింటూ కూర్చున్నాను.

గిన్నెలు సర్దుకుంటున్న రోశమ్మ అప్పుడు నోరు విప్పింది. రోశమ్మది పొదిలి దగ్గర ఊరు. పదో తరగతి చదివింది. అక్కడ అయిదెకరాల చేను ఉంది, అందులో మూడు బోర్లున్నాయి, మూడింట్లోనూ నీళ్లు లేవు. అందువల్ల మార్కాపురం వచ్చి ఇడ్లీ పెట్టుకుంది.

“ఏదీ తియ్యబాకు పాపా. వీళ్లు నలుగురూ తలా ఒక ముక్క తెచ్చి నా దగ్గర పడేసి పోయినారు. మళ్లా ఒక్కరన్నా వచ్చి తీసుకపోయిందే లేదు. మధ్యాన్నం గిరాకీ ఉండదు గదా, నేనే చదివినా. ముందు నాలుగోది వచ్చింది, దాన్తోనే మొదలుపెట్టినా. నాలుగూ అయినాక మళ్లా మొదట్నుంచి వరసగా చదువుకున్నా.”

నేను ఇంకో వడ తీసుకున్నాను.

“ఎట్ల ఉంది అత్తా?” అంది తనూజ.

“బాగుంది. రెండు చోట్ల ఏడుపొచ్చింది. ఒక్కటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆరొందల పదకొండో పేజీలో ట్యాంకరు వస్తాది చూడు. గురువారం పొద్దున వస్తాదంటారు, గురువారం పొద్దున్నే వస్తాది. అట్ల యాడన్నా ఉంటాదా? చచ్చినోళ్లు లేచి లైన్లో నిలబడినారంటే నమ్మినా. ఇదేంది పాపా, మరీ ఇంత అబద్ధమా?”

అందరం పగలబడి నవ్వాం. మాలకొండయ్య కూడా నవ్వాడు. ఆ పేజీ ఆయన ముక్కలోదే, అక్కడిదాకా ఆయన వెళ్లలేదన్న సంగతి అప్పుడు బయటపడింది.

తనూజ మాత్రం నవ్వలేదు. ఒళ్లో పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

“తొమ్మిదేళ్లలో నేను కల్పించి రాసింది ఆ ఒక్క పేజీనే అత్తా. మిగతాదంతా మా ఊళ్లో చూసిందే” అంది.

నవ్వు ఆగిపోయింది. రోశమ్మ క్యారియర్ మూత పెట్టింది.

“అయితే ఉండనీలే పాపా. బుక్కులోనన్నా రానీ” అంది.

తనూజ ఎర్ర పెన్ను సంచిలో వేసేసుకుంది. మెట్లు దిగుతూనే హైదరాబాదుకు ఫోన్ చేసి, వేస్తే మొత్తం వెయ్యండి, లేకపోతే వెనక్కిచ్చెయ్యండి అని చెప్పింది.

చూశారా? పుస్తకం పూర్తిగా చదివితే జరిగే నష్టం ఇదే. మూడు నెలలుగా నలుగురం హాయిగా వాదించుకుంటున్నాం. కుటుంబమా, దెయ్యాలా, సేద్యమా, భక్తా అని ఎంత ఎత్తు మాటలు మాట్లాడుకున్నాం! అంతవరకూ అది ఎప్పుడో, ఎవరికో జరగబోయే కథ. మొత్తం చదివిన ఒకే ఒక్క మనిషి నోరు విప్పింది, మా చర్చ అంతా ఆవిరైపోయింది. ఇప్పుడు మాకు అభిప్రాయాలే లేవు. గురునాథం కటింగ్ మిషన్ మీద గుడ్డ కప్పేశాడు.

నాకు సిగ్గేసింది. దాచడమెందుకు? సాయంత్రం రోశమ్మ హోటల్‌కు పోయి రెండో ముక్క తెచ్చుకున్నాను. మూడు నెలలుగా నేను పొగుడుతున్న ఆ తలుపు వెనక ఏ రాక్షసుడున్నాడోనని మొదటి పేజీ తిప్పాను. ‘ఎవరూ లేరు. ఖాళీ బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి’ అని ఉంది.

ఇందులో హారర్ ఏముంది? మా గుమ్మం ముందూ అవే ఉన్నాయి. మా వీధికి శుక్రవారం ట్యాంకరు వస్తుందన్నారు. ఇవ్వాళ మంగళవారం. రెండో ముక్క అయిపోయింది, మూడోది సగంలో ఉంది. ట్యాంకరు వచ్చేలోగా నవల మొత్తం పూర్తి చేసేస్తానేమోనని భయంగా ఉంది.