హాల్లోకి రాని వైఫై వర్ధిల్లాలి!

ఇల్లంతా సిగ్నల్ వచ్చే వైఫై ఉన్నవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. నవ్వుకుంటే నవ్వుకోండి. సంసారం పచ్చగా ఉండాలంటే ఇంట్లో నెట్ సరిగా రాకూడదు. వచ్చినా ఒక్క గదిలోనే రావాలి. ఆ గది వంటగది కావాలి!

ఊరికే అనడం లేదు, అనుభవం మీద చెబుతున్నాను. గోదావరిఖనిలో మాది బొగ్గుగని ఉద్యోగుల కోసం ఎప్పుడో కట్టిన పాత క్వార్టర్. నేను గని ఆఫీసులో హాజరు చూసే గుమస్తాను. ఇంట్లో నా భార్య స్వరూప, డిగ్రీ చదివే మా అమ్మాయి భూమిక ఉంటారు. మొన్న ఏప్రిల్‌లో మేమూ నెట్ పెట్టించుకున్నాం.

బయటి నుంచి వచ్చే కేబుల్‌కు వంటింటి కిటికీ తప్ప వేరే దారి దొరకలేదు. నెట్ బిగించడానికి వచ్చిన విజయేందర్ రౌటర్‌ను అక్కడే, పోపు డబ్బాల పైన గోడకు తగిలించాడు. వంటింట్లో నిలబడితే సినిమా పరుగెత్తింది. ఫోన్ పట్టుకుని హాల్లోకి అడుగుపెట్టగానే హీరో ఎగిరిన చోటే గాల్లో ఆగిపోయాడు.

"మీ గోడలు మస్తు మందమున్నయ్ సార్. సిగ్నల్ అవతలికి పోతలేదు," అన్నాడు విజయేందర్, గోడను మెచ్చుకుంటూ తట్టి.

నేను ఊరుకుంటానా? రౌటర్ కొమ్ములు నాలుగు దిక్కులకూ తిప్పాను. వెనకాల స్టీలు పళ్లెం నిలబెట్టాను. ఆఫ్ చేసి ఆన్ చేశాను. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వాళ్లూ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. ఫోన్ పెట్టేలోపే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్! సమస్య మా ఇంట్లో ఉంది, పరిష్కారం వాళ్ల ఆఫీసులో జరిగింది. ఇంతకంటే వేగమైన సేవ ఎక్కడైనా చూశారా?

చివరికి హాల్లోకి నెట్ రాలేదు కాబట్టి మేమే వంటింట్లోకి వెళ్లాం. భూమిక బియ్యం డబ్బా మీద కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు వినేది. నా ఆఫీసు మీటింగులు గ్రైండర్ పక్కన జరిగేవి. ఒకరోజు మా మేనేజర్ గారు కోపంగా మాట్లాడుతుంటే కుక్కర్ మూడుసార్లు కూసింది. ఎవరో అడ్డు చెబుతున్నారనుకుని ఆయన టక్కున ఆగిపోయారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన మాటను ఆపింది మా కుక్కరొక్కటే!

"ఊకె కూసున్నరు గదా, జర గీ గోకరకాయ తుంచుండ్రి," అంటూ స్వరూప గిన్నె నా ముందుకు తోసింది. గోరుచిక్కుడు తుంచాను. కందిపప్పు ఏ డబ్బాలో ఉంటుందో ఆ రోజే తెలుసుకున్నాను. ఇల్లంతా అందే వైఫై మీకెప్పుడైనా ఇంత విజ్ఞానం పంచిందా?

ఇంతలో మే నెల వచ్చింది. మా ఊళ్లో మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? పొయ్యి వెలిగించి ఉండగా మధ్యాహ్నం పూట కూర్చుంటే నా చొక్కా తడిసి ముద్దయింది. గాలి కోసం తలెత్తి చూశాను. మా వంటింటికి ఫ్యాన్ లేదు!

"గీడ ఫ్యాన్ లేదా?" అన్నాను ఆశ్చర్యంగా.

స్వరూప నా వంక ఒకసారి చూసి, పెనం మీద రొట్టె తిప్పింది.

ఆ ఎండలకు నాలుగో రోజుకే రౌటర్ చతికిలపడింది. ఇంకో రెండు రోజుల్లో భూమికకు ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ! ఇల్లంతా పరేషాన్. విజయేందర్ వచ్చి రౌటర్ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసుకున్నాడు.

"కాలిపోతుంది సార్. గింత ఉడుకల ఎట్ల పనిచేస్తది పాపం? జర గాలి తగలాలె."

నా గుండె తరుక్కుపోయింది. మూగ వస్తువు, ఎంత బాధపడిందో! గంటలో ఫ్యాన్ తెచ్చి బిగించేశాను. గాలి నేరుగా రౌటర్‌కు తగిలేట్టు చూసుకున్నాను.

"నాలుగొద్దులు ఉడికితే దానికి ఫ్యాన్ వచ్చింది. అదృష్టం జేసుకున్నది," అంది స్వరూప. భూమిక నవ్వింది. నేనూ నవ్వాను. విజయేందర్ మాత్రం నవ్వకుండా తన నిచ్చెన మడుచుకున్నాడు.

రౌటర్ చల్లబడింది గానీ స్పీడు రాలేదు. విజయేందర్ తన ఫోన్‌లో చూసి, మా నెట్‌కు పదకొండు ఫోన్లు, ఒక టీవీ తగులుకున్నాయన్నాడు. మావి మూడే! మా హాల్లోకి రాలేని సిగ్నల్ కిటికీ దూకి ఎదురింటి అంకయ్య టీవీ దాకా పోయింది. పోదా మరి? మా పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది దాకా వరస అంకెలు.

"గట్టిది పెట్టాలమ్మా. అక్షరాలు, అంకెలు, ఆఖరికి ఏదన్న ఒక గుర్తు. మీరు మర్చిపోనిది ఉండాలె," అన్నాడు విజయేందర్.

"నేను పెడ్త, ఇయ్యి," అని స్వరూప ఫోన్ అందుకుని, క్షణం కూడా ఆలోచించకుండా టకటకా కొట్టేసింది.

ఆ తర్వాత నెట్ రివ్వున సాగింది. ఇంటర్వ్యూ ఎక్కడా ఆగలేదు. భూమికకు అప్పటికప్పుడే ఉద్యోగం వచ్చింది! మిఠాయి పంచుతుంటే అంకయ్య ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"రెండ్రోజులసంది మా టీవీల బొమ్మ వస్తలేదన్నా. మీ పాస్‌వర్డ్ జర చెప్పరాదు."

ఆ చనువుకు ముచ్చటేసి, చెప్పమని స్వరూపకు సైగ చేశాను.

"ఫ్యాన్ ఎప్పుడు. రెండూ కలిపి కొట్టు," అంది స్వరూప. "తర్వాత రెండువేల నాలుగు. ఆఖరికి ప్రశ్న గుర్తు."

అంకయ్య ఒక్కో అక్షరం కొట్టి తలెత్తాడు. "గదేంది వదినా? ఫ్యాన్ తిరుగుతనే ఉన్నది గద?"

"మీ అన్ననడుగు."

నేనేం చెప్పను పాఠకులారా? రెండువేల నాలుగు మా పెళ్లయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం. వంటింట్లోకి ఫ్యాన్ కావాలని అప్పుడే అడిగిందట. చూద్దాం అన్నానట. ఆ తర్వాత ప్రతి ఎండాకాలమూ అడిగిందట. ప్రతిసారీ చూద్దాం అన్నానట.

అంకయ్య వెళ్లాక మెల్లగా అన్నాను. "ఇంటికొచ్చినోళ్లందరికి గిదే చెప్పాల్నా? పాస్‌వర్డ్ మారుద్దాం స్వరూపా."

"చూద్దాం," అంది స్వరూప, ఫ్యాన్ కిందికి పీట జరుపుకుంటూ.