కృత్తికలూ కర్టెన్లూ

పైవాడు చూస్తున్నాడని అందరూ అంటారు కదా, ఇంతకీ ఎంత పైనుంచి? ఈ సందేహం టైలరుగారిని కుర్రతనం నుంచీ వదల్లేదు. రోజూ పొద్దున దండం పెట్టుకుంటూనే, ఒకసారి కిటికీలోంచి ఆకాశం వైపు చూసేవాడు. అడిగితే భక్తి తక్కువనుకుంటారని ఎవరినీ అడగలేదు. చివరికి ఊరు ఖాళీ చేస్తున్న ఒక ఖాతాదారు దగ్గర పాత టెలిస్కోప్ కొన్నాడు. గొట్టం ఉంది, మూడుకాళ్ళ స్టాండు ఉంది. కన్ను ఆనించేచోట బిగించే ఐపీస్ మాత్రం లేదు.

ఆ సోమవారం పొద్దున ఆయన వేసుకున్న పథకం చిన్నదే. ఐపీస్ కొనాలి, మేడమీద టెలిస్కోప్ బిగించాలి, చుట్టపుచూపుగా వచ్చిన అక్కకు కృత్తికలు చూపించాలి. ఒకప్పుడు వాటిని లెక్కపెట్టేదాన్ననీ, ఇప్పుడు ఈ దీపాల వెలుగులో అక్కడేదో మరకలా తప్ప కనపడదనీ ఆవిడ వచ్చీరాగానే అన్నది. ఆదివారం పొద్దున్నే ఆవిడ ప్రయాణం. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆవిడకే తెలియదు.

నక్షత్రాల గుంపుకైతే ముప్ఫైరెండు నంబరు తీసుకోమన్నాడు దుకాణదారు. అది అంత పెద్దగా చూపించకపోయినా, ఎక్కువ మేర చూపిస్తుందట. టైలరుగారు లోలోపల నవ్వుకున్నాడు. అమ్ముడుపోని తానుల గురించి తాను ఎంత ఆప్యాయంగా మాట్లాడతాడో ఆయనకు తెలియనిదా?

"అన్నిటికన్నా పెద్దగా చూపించేది ఏది?"

"నాలుగు నంబరండీ. నంబరు తగ్గేకొద్దీ పెద్దగా కనపడుతుంది. కానీ..."

"అదే ఇవ్వండి."

మర్నాడు పగటివెలుగులోనే మేడమీద పరీక్ష పెట్టాడు. ఐపీస్‌లో గోధుమరంగు మసక తప్ప ఏమీ లేదు. ఆ మసక ఏమిటో తేల్చుకుందామని గొట్టాన్ని నెమ్మదిగా ఎదుటి ఇళ్ళ వరస మీదుగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాడు. ఏమీ తేలలేదు గాని, ఎదురింటి రిటైర్డ్ ఇన్‌స్పెక్టరుగారు మెట్లెక్కి వచ్చాడు.

"ఏమయ్యా, మా ఇళ్ళలో ఏం చూస్తున్నావు?"

"నాకేమీ కనపడలేదండీ."

"నేను పట్టుకున్న ప్రతివాడూ మొదట ఈ మాటే అన్నాడు."

నమ్మకం లేకపోతే మీరే చూడండని టైలరుగారు పక్కకు జరిగాడు. ఇన్‌స్పెక్టరుగారు కన్ను ఆనించాడు. ఆయనకూ అదే గోధుమరంగు మసక. అయితే వీధి చివర ఆగిన బండి నంబరు ఇక్కణ్ణుంచి చదవగలనని నలుగురిలో చెప్పుకునే మనిషి. కనపడలేదని ఒప్పుకోవడం ఆయనవల్ల కాలేదు.

"అంతా కనపడుతోంది," అన్నాడు గంభీరంగా.

మధ్యాహ్నానికల్లా ఆ మాట వీధంతా పాకింది. టైలరు మేడమీద నిలబడే వంటింట్లో ఏ గిన్నెకు మూత లేదో చెప్పగలడట. టేపు లేకుండా అక్కణ్ణుంచే కొలతలు తీసుకుంటున్నాడట. సాయంత్రానికి షాపు ముందు జనం. తిట్టడానికి వచ్చారనుకుని ఆయన గుమ్మంలోనే చేతులు జోడించాడు. వాళ్ళు వచ్చింది కర్టెన్లకు. ఆ వీధిలో ఉన్న టైలరు ఆయనొక్కడే మరి. గొట్టంలోంచి ఏమీ కనపడదని ఆయన ఎంత ఒట్టేస్తే, గుడ్డ అంత మందంగా అడిగారు.

ఇక ఇంట్లో కుట్టుమిషన్ ఆగలేదు. ఆయన కత్తిరిస్తుంటే భార్య కుట్టేది. చూడవచ్చిన అక్క తలవంచి అంచులు మడిచేది. పొద్దుగూకగానే ముగ్గురూ మేడెక్కేవారు. నాలుగు నంబరులో ఒక నక్షత్రం వణుకుతూ వచ్చి, కన్ను ఆర్పేలోగా దాటిపోయేది. మిగతాదంతా చీకటి.

"పోనీలేరా, కర్టెన్లు బాగా కుదిరాయి," అంది అక్క శుక్రవారం. ఆ ఓదార్పు ఆయనకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

శనివారం ఆయన అభిమానం చంపుకుని దుకాణానికి వెళ్ళాడు.

"గుంపంటే మొత్తం ఒక్కసారి కనపడాలి కదండీ. అలాంటిదేమైనా ఉందా?"

"మొన్న నేను చెప్పింది అదేనండీ," అంటూ దుకాణదారు ముప్ఫైరెండు తీసి బల్లమీద పెట్టాడు.

ఆ సాయంత్రానికి వీధిలో ఆఖరి కర్టెన్ కూడా వేలాడింది. ఇన్‌స్పెక్టరుగారు ముందుజాగ్రత్తగా తన వరండా బల్బు కూడా పీకించాడు. పొద్దు వాలాక టైలరుగారు మేడెక్కి చూస్తే, ఏ కిటికీలోనూ వెలుగు లేదు. ఆయన కళ్ళబడకూడదని వీధంతా కలిసి ఆయన ఆకాశాన్ని నల్లబరిచి పెట్టింది. ఆయన ముప్ఫైరెండు బిగించి, గొట్టం పక్కనే గురి చూసుకోవడానికున్న చిన్న గొట్టంలోంచి కృత్తికల వైపు సరిచూసి, అక్కను పిలిచాడు.

ఆవిడ వంగి కన్ను ఆనించింది.

"కనపడుతున్నాయా అక్కా?"

"నల్లగుడ్డ మీద సుద్ద దులిపినట్టున్నాయిరా. ఎన్నని లెక్కపెట్టను?"

"ఏదీ, ఒకసారి నన్ను చూడనీ."

"చిన్నప్పుడు సర్కసు గుడారం చిల్లు దగ్గర నువ్వేం చేశావు?" అంది ఆవిడ కన్ను తీయకుండానే. "ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ఆట అయిపోయేదాకా కదల్లేదు. నా వంతు నువ్వు ఇంకా బాకీ."

"ఎప్పటి మాటే అది?"

"ఇంకొంచెం ఉండు."

టైలరుగారు చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చేసరికి మబ్బు పట్టింది.