లైబ్రరీ గుమ్మటానికి లైట్లేశారు

చదువుకు వెలుగు కావాలన్నవాడు వట్టి అమాయకుడు! వెలుగు కావలసింది చదువుకు కాదు, గోడకు.

నమ్మరా? మా ఇంటి ఎదురుగా పాత లైబ్రరీ ఉంది. పెద్ద గుమ్మటం, రాతి స్తంభాలు, పొడుగాటి కిటికీలు. మొన్నమొన్నటి దాకా సాయంత్రమైతే అదీ అన్ని భవనాల్లాగే బుద్ధిగా మసకబారేది. ఎవరో లైటింగ్ డిజైనర్ గారొచ్చి దాని ఒంటినిండా లైట్లు తగిలించారు. ఇప్పుడు పొద్దు వాలగానే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు వంతులవారీగా వెలుగుతాయి. గుమ్మటం మీద పడగా మిగిలిందంతా తిన్నగా మా హాల్లోకి వస్తుంది. మా ట్యూబ్‌లైటు దాని ముందు దిగదుడుపే.

లాభాలు చెప్పమంటారా? మా బావమరిది పసుపు వంతులో అద్దం చూసుకుని, కామెర్లొచ్చాయని హడలిపోయి రక్తపరీక్షకు పరిగెత్తాడు. కామెర్లు లేవు గానీ షుగరు బయటపడింది. ఆ లైటే లేకపోతే వాడి గతేం కాను!

ఆకుపచ్చ వంతులో మా టమాటాలు నల్లగా కనిపిస్తాయి. పక్కింటావిడ వాటిని అడగడం మానేసింది. ఎర్ర వంతులో మా ఆవిడ ముఖం కోపానికి ఎర్రబడిందో, లైటుకు ఎర్రబడిందో తెలియదు. తెలియనంతసేపూ నేను ధైర్యంగానే ఉంటున్నాను. సంసారానికి ఇంతకన్నా ఏం కావాలి?

అన్నట్టు, ఆ లైబ్రరీలో లైబ్రేరియన్ మా ఆవిడే. లైట్లొచ్చిన మర్నాడే డిజైనర్ గారి ఆఫీసు నుంచి ఆమెకు కబురొచ్చింది. కిటికీల్లోంచి ట్యూబ్‌లైట్ల తెలుపు కనిపించి బయటి రంగుల అందం చెడుతోందట. పొద్దు వాలాక లోపల లైటు వేయకూడదట. న్యాయమే కదా! పుస్తకాలదేముంది, మూసి ఉంచినా పాడవవు.

పగలంతా పనిచేసుకుని సాయంత్రం చదువుకోవడానికి వచ్చేవాళ్లు మెట్ల మీద బిక్కమొహాలేసుకుని నిలబడ్డారు. మా ఆవిడ వాళ్లందర్నీ పుస్తకాలతో సహా ఇంటికి వెంటబెట్టుకొచ్చింది. ఇప్పుడు మా హాలే రీడింగ్ రూమ్. రిటైరైన బస్సు డ్రైవర్ గారు నా పడక్కుర్చీలో ఉంటారు. లెక్కల టీచరమ్మ డైనింగ్ టేబుల్ మీద పేపర్లు దిద్దుతుంది. ఎర్ర వంతులో ఆవిడ ఎర్ర సిరా ఆవిడకే కనిపించదు, దాంతో క్లాసంతా పాసైపోయింది! నేను వంటగదిలో స్టూలు మీద కూర్చుని ఈ వ్యాసం రాస్తున్నాను.

నర్సు పరీక్షకు చదివే అమ్మాయి విషయంలో మాత్రం నా మనసు ఒప్పుకోవడం లేదు. ఇంట్లో చోటు లేకే ఆ పిల్ల లైబ్రరీకి వచ్చేది. పరీక్ష దగ్గరపడింది. రంగు మారినప్పుడల్లా కళ్లు నులుముకుని మళ్లీ అదే లైను మొదలుపెడుతోంది. చూస్తుంటే బాధేస్తోంది.

నిన్న సాయంత్రం డిజైనర్ గారే మా ఇంటికొచ్చారు. మా బాల్కనీలోంచి గుమ్మటం బాగా కనిపిస్తుందట, ఫోటోలు కావాలట. తీసుకుని, తెగ మురిసిపోయి, హాల్లో చదువుకునేవాళ్ల కాళ్లు తొక్కకుండా జాగ్రత్తగా గుమ్మం దాకా వెళ్లారు. అక్కడ ఆగి మర్యాదగా మా ఆవిడను అడిగారు.

"అవునండీ, ఇంతకీ ఆ బిల్డింగు లోపల ఏముంటుంది?"

"చీకటండీ," అంది మా ఆవిడ. "మీరు పెట్టించిందే."

అప్పుడు ఎర్ర వంతు నడుస్తోంది. ఆయన ముఖం ఎర్రబడిందో లేదో ఎంత చూసినా తెలియలేదు. ఆ లైట్ల వల్ల నాకు జరిగిన నష్టమంటే అదొక్కటే!