పదకొండు గంటల సందేహం

యాభై ఎనిమిదో రోజు పొద్దున్న ఆరింటికి టైమ్‌కీపరు ఒక గట్టి నిర్ణయానికొచ్చాడు. ఈ రోజు ఏమైనా సరే, ఆస్పత్రికి ఫోన్ చెయ్యకూడదు.

ఆ రోజుల లెక్క అతని భార్యకు మూలకణాల మార్పిడి జరిగినప్పట్నుంచీ నడుస్తోంది. ఆమె ఎముక మూలుగలో ఉన్న పాత సరుకునంతా మందులతో ఊడ్చేసి, ఆమె తమ్ముడి రక్తంలోంచి తీసిన కణాలు ఎక్కించారు. అవి ఒంట్లో కుదురుకునేదాకా, అంటే వంద రోజులదాకా, వెయ్యి కళ్ళతో కాపాడుకోవాలి. చుట్టాలు రాకూడదు, పూలు రాకూడదు, జ్వరం అసలే రాకూడదు. ఇంటికొచ్చిన రోజున ఆమె అతని చెయ్యి పట్టుకుని, "నన్ను మళ్ళీ ఆ అద్దాల గదిలో మాత్రం పెట్టనివ్వకండి. ఇంకోసారైతే నేను తట్టుకోలేను" అంది. అతను మాటిచ్చాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ అంత పొడుగ్గా మాట్లాడుకున్నది లేదు.

దానికో కారణముంది. అతను ఇరవయ్యేడేళ్ళుగా బస్సు డిపోలో టైమ్‌కీపరు. వెళ్ళే బస్సుకూ వచ్చే బస్సుకూ టైము రాయడం అతని పని. ఇంజన్ల రొదలో మాట వినపడదు గనక అక్కడంతా సైగలే. వేలు పైకెత్తితే కదలమని. అరచెయ్యి చూపిస్తే ఆగమని. వేలు గాల్లో గుండ్రంగా తిప్పితే ట్రిప్పు క్యాన్సిల్, బండి వెనక్కి తిప్పమని. ఆస్పత్రివాళ్ళిచ్చిన పుస్తకంలో 'దగ్గర్లో మసిలేవారు మాస్కు వేసుకోవాలి, వీలైనంత దూరం పాటించాలి' అని చదవగానే అతనికి డిపో గుర్తొచ్చింది. మాట్లాడితే తుంపర్లు పడతాయి, తుంపర్లలో క్రిములుంటాయి, మరి మాట్లాడకపోతే గొడవే లేదుగా! ఆ పుస్తకం రాసినవాళ్ళకు కూడా ఇంత తెలివి లేకపోయిందే అని కాస్త జాలి పడ్డాడు కూడా.

అంతే, ఇల్లు డిపో అయిపోయింది. గది గుమ్మం అతని క్యాబిన్. గోడమీద టైమ్‌టేబులు. ఒక వేలు చూపిస్తే థర్మామీటరు, రెండు వేళ్ళు చూపిస్తే మాత్రలు, మూడు వేళ్ళు చూపిస్తే భోజనం. ఆమె ముప్ఫయ్యేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసిన మనిషి, రోజుకు ఆరు పీరియడ్లు గొంతు తగ్గకుండా చెప్పిన మనిషి. మొదటి వారం ఏదో ఒకటి అడిగేది. అతను అరచెయ్యి చూపించేవాడు. రెండో వారానికి అడగడం మానేసింది. పాపం, నీరసం, మాట్లాడే ఓపిక లేదు అనుకున్నాడతను. సాయంత్రం నాలుగింటికి అతను పెరట్లో మాస్కులు ఉతుకుతుంటే మాత్రం ఆమె గదిలోంచి సన్నగా మాటలు వినిపించేవి. టీవీ కాబోలు అనుకునేవాడు.

ఆ నిశ్శబ్దం అతన్ని కొరుక్కు తినేసింది. డిపోలో రోజుకు అరవైమంది డ్రైవర్లు "కీపరుగారూ" అని పిలిచేవాళ్ళు. ఇక్కడ ఫ్రిజ్ మోత తప్ప ఇంకో చప్పుడు లేదు. ఒకరోజు నిజంగానే ఒక సందేహం వచ్చి ఆస్పత్రి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాడు. "చెప్పండి సార్" అంది అవతల నర్సు. చెప్పండి! ఆ ఒక్క మాట విని అతనికి ఏడుపొచ్చినంత పనైంది. నువ్వు చెప్పు, నేను వింటాను అని అతనితో ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో.

అప్పట్నుంచీ రోజూ పదకొండింటికి, ఆమె కునుకు తీసే వేళకు, వంటింట్లోకెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని ఒక సందేహం అడిగేవాడు. కాచిన నీళ్ళు చల్లారాక మళ్ళీ కాచాలా? చదివిన పేపరు గదిలో పెట్టొచ్చా? దుప్పటికి ఎండ ఎంతసేపు తగలాలి? అడిగాక, "మీరు తిన్నారా సిస్టర్?" అనేవాడు. ఆవిడ నవ్వి, "ఇంకా లేదు సార్" అనేది. అలా సందేహాలన్నీ వాడేశాడు. నిన్న అడిగిన ప్రశ్న, "కిటికీలోంచి వచ్చే వెలుతురు మంచిదేనా?" అని. ఫోన్ పెట్టేశాక తనకే సిగ్గేసింది. అందుకే పొద్దున్న ఆ నిర్ణయం.

పదిన్నరదాకా నిర్ణయం నిలబడింది. పదీ నలభైకి అలమర సర్దాడు. పదీ యాభైకి సర్దిన అలమర మళ్ళీ సర్దాడు. పదకొండింటికి వేళ్ళు వాటంతటవే నంబరు నొక్కేశాయి.

"చెప్పండి సార్."

నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. సందేహాల గల్లాపెట్టె ఖాళీ. ఏదో ఒకటి అడక్కపోతే పెట్టేస్తుంది.

"అదే... కొంచెం దురద, సిస్టర్."

"ఎవరికి సార్?"

"ఆవిడకే."

"ఎక్కడ?"

ఎక్కడంటే బావుంటుంది? ఒంటిమీద అన్నిటికన్నా ప్రమాదం లేని చోటు ఏదని వెతికాడు. "అరచేతుల్లో" అన్నాడు.

దానికి జవాబుగా వచ్చిన గొంతు రోజూ వినే గొంతు కాదు. "రెండు అరచేతుల్లోనా? ఎర్రగా ఉన్నాయా?"

"అబ్బే, ఎరుపేం కాదు. ఏదో కొంచెం గులాబీ రంగు..."

"సార్, వెంటనే తీసుకొచ్చెయ్యండి. తమ్ముడి కణాలు ఆవిడ ఒంటిని పరాయిదనుకుని తిరగబడితే ముందు తెలిసేది అరచేతుల్లోనే. నేను డాక్టరుగారికి చెప్తున్నా. బట్టలు కూడా సర్దుకుని రండి, ఉంచేసుకుంటారేమో."

"ఇప్పుడే తగ్గిపోయింది సిస్టర్!"

"తగ్గినా రావాలి సార్" అని ఆవిడ పెట్టేసింది.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. తిరిగి ఫోన్ చేశాడు, నిజం చెప్పేద్దామని. ఎంగేజ్. మళ్ళీ చేశాడు, మళ్ళీ ఎంగేజ్. మూడోసారి చెయ్యబోతుంటే ఫోన్ తనే మోగింది. అవతల బావమరిది. ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపతనిది. ఆస్పత్రి ఫైల్లో 'దాత' అని రాసిన దగ్గర్నుంచీ నేలమీద నడవడం మానేశాడు. అక్క బ్లడ్ గ్రూపు కూడా మారి తన గ్రూపే వచ్చిందని షాపుకొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు.

"బావా! ఇప్పుడే ఆస్పత్రినుంచి ఫోన్. నా కణాలు అక్కమీద తిరగబడ్డాయంటగా! నా కణాలు అలాంటివి కావు బావా. నేనెప్పుడన్నా అక్కకి ఎదురు చెప్పానా?"

"ఒరే, అది కాదురా, నే చెప్పేది..."

"ఏం చెప్పకు. కారు తీసుకుని వచ్చేస్తున్నా."

ఇక మిగిలింది భార్యకు చెప్పడం. గుమ్మంలో నిలబడ్డాడు. ఇన్ని రోజులూ సైగలతో నెట్టుకొచ్చిన పెద్దమనిషికి 'నేను అబద్ధమాడాను' అనే దానికి సైగ దొరకలేదు. చివరికి వేలు పైకెత్తి గాల్లో గుండ్రంగా తిప్పాడు. ట్రిప్పు క్యాన్సిల్, బండి వెనక్కి.

ఆమె ఆ వేలికేసి చూసింది. "ఆస్పత్రికా?" అంది. చాలా రోజుల తర్వాత విన్న ఆ గొంతు బొంగురుగా ఉంది. అతను తలూపాడు. రక్తపరీక్ష రిపోర్టులో ఏదో ఉంది, తనకు చెప్పడం లేదు అని ఆమె నిర్ధారించుకుంది. ఇంకేం అడక్కుండా లేచి, రెండు నైటీలు, దువ్వెన సంచిలో పెట్టుకుంది. దువ్వాల్సిన జుట్టింకా రాలేదు. అయినా పెట్టుకుంది. అది చూసి అతనికి తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది. చెప్పేద్దామని నోరు తెరిచేలోగా వీధిలో కారు హారన్ వినబడింది.

కార్లో కిటికీలన్నీ దించారు, ముగ్గురికీ మాస్కులు. దాత మాత్రం ఆగడే!

"అక్కా, నీ దగ్గర ఒకటి దాచాను. పదో క్లాసులో నాకు తామర వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. నీకీ దురద దానివల్లే వచ్చిందేమో!"

"ఎవరికిరా దురద?" అంది ఆమె.

"నీకే. అరచేతుల్లో. నీకు చెప్పలేదా బావ?"

ఆమె అరచేతులు తిప్పి చూసుకుంది. చూసుకుంటే ఉందేమో అనిపించింది. నెమ్మదిగా గోకింది. దాంతో ఇంకాస్త అనిపించింది. దాత స్టీరింగు వదిలి తన మోచెయ్యి గోక్కున్నాడు. వెనక సీట్లో ఉన్న టైమ్‌కీపరుకు వీపంతా దురద పుట్టింది. అక్కడికీ, "గోక్కోకు! గోక్కోకు!" అని అరిచాడు గానీ, అసలు మాట మాత్రం గొంతు దాటలేదు. ఆస్పత్రి చేరేసరికి ముగ్గురూ గోక్కుంటూ దిగారు.

టీచరమ్మ అరచేతులు డాక్టరమ్మ వెలుగులో పెట్టి చూసింది. ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మొహం గంభీరంగా పెట్టి, "చర్మం చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఎందుకైనా మంచిది, ఈలోగా గట్టి మందు మొదలుపెడదాం. పది రోజులు లోపలే ఉండాలి" అంది. కారిడారు చివర అద్దాల గది కనిపిస్తోంది. అందులో మంచంమీద కొత్త దుప్పటి పరుస్తున్నారు. టీచరమ్మ అటు చూసి, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంక లాభం లేదనుకున్నాడు టైమ్‌కీపరు. "డాక్టరుగారూ, ఆవిడకి దురద లేదండీ. నేనే పుట్టించాను."

"ఎలా పుట్టించారు? దేంతో?" అని డాక్టరమ్మ కంగారుపడింది.

"నోటితోనండీ. సందేహాలు అయిపోయాయి. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు. సిస్టరుగారు 'చెప్పండి' అంటారు. అది వినడానికి రోజూ ఫోన్ చేస్తాను. ఇవాళ చెప్పడానికేమీ దొరక్క..." మిగతాది నీళ్ళు నమిలాడు. "కార్లో వాళ్ళు గోక్కుంటే ఎర్రబడ్డాయి. నేను ఉత్త వెధవనండీ."

దాత వెంటనే, "చూశారా, నా కణాల తప్పేం లేదు!" అన్నాడు. అతనికేసి ఎవరూ చూడలేదు.

గుమ్మంలో నర్సు నిలబడి ఉంది. గొంతు వినడమే తప్ప మనిషిని చూడని టైమ్‌కీపరు, ఆవిడ వెనకున్న గదిని చూసి ఆవిడే అని ఇట్టే పోల్చుకున్నాడు. కిటికీ లేని చిన్న గదిలోంచి వచ్చింది. ఆ గదిలో ఒక కుర్చీ, ఒక ఫోను, మూత తియ్యని క్యారియరు కనిపిస్తున్నాయి. ఆవిడ అతన్ని చూడకుండా టీచరమ్మకేసి చూసి, "అమ్మా, మీ నాలుగింటి సంగతి మీరు చెప్తారా?" అంది.

టీచరమ్మ తల దించుకుంది. "నేను కూడా ఫోన్ చేస్తాను. ఈయన పెరట్లో ఉన్నప్పుడు."

"నువ్వా? ఏమని?"

"మా ఆయన నాతో మాట్లాడ్డం మానేశాడు, ఇది కూడా ఆ మందుల వల్లనేనా అని" అంది. "ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ గుమ్మంలో నిలబడి వేళ్ళు చూపించారు. నా జబ్బంటే విసుగొచ్చిందేమో, నన్ను చూస్తే రోతేమో అనుకున్నాను. ఒక్కరోజు కూడా ఎలా ఉన్నావే అని అడగలేదు మీరు."

"పిచ్చిదానా, నా నోటి తుంపర్లు పడి నీకేమన్నా అవుతుందేమోనని హడలి చచ్చానే" అన్నాడతను. ఇక ఆపుకోలేక మాస్కు లోపలే ఏడ్చేశాడు.

"సార్, దూరంగా ఉండమన్నాం" అంది డాక్టరమ్మ. "నోరు కుట్టేసుకోమన్నామా? మాస్కు దేనికిచ్చాం మరి?"

పావుగంట ఎవర్నీ గోక్కోనివ్వలేదు. టీచరమ్మ అరచేతుల్లో ఎరుపు దానంతటదే దిగిపోయింది. రక్తపరీక్ష భేషుగ్గా వచ్చింది. వెళ్ళేముందు టైమ్‌కీపరు నర్సు దగ్గరికెళ్ళి దండం పెట్టి, "ఇక మిమ్మల్ని విసిగించనమ్మా" అన్నాడు.

"విసుగేముంది సార్. ఫోన్ చేసేవాళ్ళంతా భయపడుతూ మాట్లాడతారు. తిన్నారా అని అడిగేది మీరొక్కరే" అంది ఆవిడ.

ఆ సాయంత్రం గోడమీద టైమ్‌టేబులు మారింది. ప్రతి థర్మామీటరు తర్వాతా అరగంట మాటలు. గుమ్మానికి ఇవతల అతని కుర్చీ, అవతల ఆమె మంచం. ఇన్నాళ్ళ బాకీ మాటలు ఆమె ఆ రాత్రే మొదలుపెట్టింది. తమ్ముడి తామర దగ్గర్నుంచి మొగుడి గడ్డం దాకా దేన్నీ వదల్లేదు. మర్నాడు పదకొండయింది, ఎవరూ ఫోన్ చెయ్యలేదు. నాలుగయింది, చెయ్యలేదు. ఆ మర్నాడూ అంతే.

అరవై ఒకటో రోజు పదకొండింటికి ఫోన్ మోగింది. ఆస్పత్రి నంబరు. టైమ్‌కీపరు ఒక్క అంగలో అందుకున్నాడు. ఆమె మంచంమీద లేచి కూర్చుంది.

"ఏమైంది సిస్టర్? రిపోర్టులో ఏమన్నా...?"

"అబ్బే, అంతా బావుంది సార్" అంది నర్సు. "మరేం లేదు. నాకే... చిన్న సందేహం."

టైమ్‌కీపరు కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆమెకు కూడా వినబడేలా ఫోను పెట్టి, "చెప్పండి సిస్టర్" అన్నాడు.