ఆగిపోయే కారు మాహాత్మ్యం

తాళం తిప్పగానే స్టార్టయ్యే కారున్న మనిషిని నేను నమ్మను. అతనికి పిల్లనివ్వను, ఓటు కూడా వెయ్యను!

కోపం తెచ్చుకోకండి. మా పక్కింటి నార్మన్ టఫ్‌నెల్‌నే చూడండి. బ్యాంకులో గుమాస్తా. ఐదేళ్ల కిందట జపాన్ కారు కొన్నాడు. ఆ రోజు నుంచీ ఎక్కుతాడు, తాళం తిప్పుతాడు, వెళ్లిపోతాడు. సాయంత్రం అదే కారులో తిరిగొస్తాడు కూడా! ఈ ఐదేళ్లలో మా వీధిలో ఒక్కరి చెయ్యీ ఆ కారు మీద పడలేదు. ఎవరి సాయమూ అక్కర్లేని మనిషితో ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు? అదీ ఒక బతుకేనా?

నాది హాలోవెల్ రీజెంట్. ఇంగ్లండు నడిబొడ్డున, మా హార్బీ ఊళ్లోనే పుట్టిన కారు. ఊళ్లో సగం మందిలాగే నేనూ పంతొమ్మిదేళ్లు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశాను. ఏం పని అన్నది ఇక్కడ అప్రస్తుతం. పొద్దున ఏడుంబావుకి నేను చోక్ లాగిన చప్పుడు వినపడగానే వీధిలో తలుపులన్నీ తెరుచుకుంటాయి. మాంసం కొట్టు పెర్సీ, స్కూలు హెడ్మాస్టరు, రిటైరైన మేజరు గారు, అందరూ టోస్టు ముక్క నోట్లో ఉండగానే పరుగెత్తుకొచ్చి తోస్తారు. మేజరు గారూ మాంసం కొట్టాయనా భుజం భుజం కలిపి నిలబడ్డం మీరెక్కడైనా చూశారా? ఏ పార్లమెంటు తెచ్చిందండీ ఇంతటి సమానత్వం!

ఇక సంసారం. ఇంట్లో ఉంటే టీవీ మాట్లాడుతుంది, నేనూ మా ఆవిడ ఐరిసూ వింటాం. మేమిద్దరం మనసు విప్పి మాట్లాడుకున్నదంతా రోడ్డు పక్క గడ్డి మీదే, ఫ్లాస్కులో టీ పంచుకుంటూ. మా అమ్మాయికి జిలియన్ అని పేరు పెట్టాలనుకున్నది కూడా అప్పటి మా హాలోవెల్ రేడియేటరు చల్లారే లోపే. నార్మన్ దంపతులకి పిల్లల్లేరు. నేనేమీ అనడం లేదు, ఊరికే చెబుతున్నాను.

దొంగల భయం ఉందా? లేదు! పోయిన మార్చిలో పట్టపగలు ఒకడు మా కారెత్తుకెళ్లబోయి, పావుగంట అవస్థ పడి, చివరికి మా తలుపే కొట్టాడు. "క్షమించాలి సార్, దీని చోక్ ఎంతదాకా లాగాలి?" అన్నాడు పాపం. ఇద్దరం కలిసి వీధి చివరిదాకా తోశాం. తోస్తున్నంతసేపూ సారీ చెబుతూనే ఉన్నాడు. లాభం లేకపోయింది. టీ ఇచ్చి పంపించాం. క్రిస్మస్‌కి కార్డు పంపాడు.

కారు కింద నూనె కారుతుందంటారు. కారనివ్వండి! అది ఆగిందంటే లోపల నూనె అయిపోయిందని తెలిసిపోతుంది. ఇంతకంటే నిజాయితీ గల యంత్రం ఉందా? ఐరిస్ ఆదివారం పుడ్డింగులు కాల్చే రేకు పళ్లెం వారమంతా కారు కిందే ఉంటుంది. శనివారం సాయంత్రం కడిగేస్తాం. మా ఇంటి పుడ్డింగులకి ఉన్న రుచి ఇంకెక్కడా రాదని మా బావమరిది ఒప్పుకున్నాడు. రెండోసారి భోజనానికి రాలేదనుకోండి, అది వేరే విషయం.

అసలు ఈ కారు మా జాతికి నేర్పిన గొప్ప గుణం ఓర్పు. ఫ్యాక్టరీకి జనం రాసే ఉత్తరాలు చూడాలి మీరు! ప్రతి ఒక్కటీ "ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించండి" అనే మొదలయ్యేది. "వేల్స్ వెళ్తుండగా ముందు చక్రం ఊడిపోయింది. తప్పు మాదే కావచ్చు. అది తప్పిస్తే కారు బ్రహ్మాండంగా ఉంది." ఇలాంటివి వారానికి రెండు సంచులొచ్చేవి. చదివి, కళ్లు తుడుచుకుని, బీరువాలో పెట్టేసేవాళ్లం. ఇంత మర్యాదస్తులకి మళ్లీ కారు బాగుచేసి ఇవ్వడం అంటే అవమానించినట్టు కాదూ?

ఇన్ని సుగుణాలున్న కారుని మా జిలియన్ కాదంది. అదీ తన పెళ్లికి! జూన్‌లో, శనివారం, పదకొండింటికి ముహూర్తం. చర్చి మైలున్నర దూరం. నార్మన్ అప్పటికే తన కారుకి తెల్ల రిబ్బన్లు కట్టి సిద్ధంగా ఉంచాడు.

"నాన్నా, నీకు దణ్ణం పెడతాను. నార్మన్ అంకుల్ కారులో వెళ్దాం."

"హాలోవెల్ కార్మికుడి కూతురు, హాలోవెల్ పుట్టిన ఊళ్లో, జపాన్ కారులో పెళ్లికి వెళ్తుందా? నలుగురిలో నా తలెక్కడ పెట్టుకోను?"

"ఎక్కడ పెట్టుకుంటావో నాకు తెలుసు. బానెట్ కింద." కాసేపు నా మొహంలోకి చూసింది. మెత్తబడింది. "సరే, నీ కారులోనే వస్తాను. ఒక్క షరతు. మధ్యలో ఆగితే నువ్వు బానెట్ ఎత్తకూడదు. దిగి నాతో నడిచి రావాలి. చర్చిలో నా చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది నువ్వు. ఒట్టెయ్యి."

వేశాను.

చర్చికి అర మైలుందనగా, కొండవాలు మొదట్లో, కారు ఆగింది. అక్కడిదాకా రావడమే విశేషమని మీరు గమనించాలి. జిలియన్ తెల్ల గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని దిగి, పేవ్‌మెంటు మీద నిలబడింది. నేనూ దిగాను. నడవడానికే దిగాను, నమ్మండి.

కానీ అప్పటికే పెర్సీ కొట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మేజరు గారొచ్చారు. దారినపోయే ఇంకో నలుగురు చేరారు. ఆరుగురు ఇంగ్లీషువాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని ఒక బానెట్ చుట్టూ నిలబడితే దాన్ని ఎత్తకుండా ఉండటం మనిషివల్ల అయ్యే పనేనా?

"ఇగ్నిషన్ పాయింట్లే అయ్యుంటాయి" అన్నాడు పెర్సీ.

"నాన్సెన్స్! డైనమో" అన్నారు మేజరు గారు.

"నాదీ ఇలాగే ఆగింది, డెబ్బై మూడులో" అన్నాడు ఇంకొకాయన, కాలం చేసిన బంధువుని తలుచుకుంటున్నట్టు.

"నాన్నా, ఒట్టేశావు" అంది వెనకనుంచి జిలియన్.

"రెండే నిమిషాలమ్మా!"

ఆ రెండు నిమిషాలూ ఎంతసేపు నడిచాయో నాకు తెలీదు. పన్నెండో నంబరు బస్సు వచ్చింది. టైముకే వచ్చింది. "వస్తున్నావా నాన్నా?" అని వినపడింది. "వచ్చేస్తున్నా, నువ్వు పద" అన్నట్టున్నాను. తల అప్పటికి ఫ్యూజు పెట్టె వెనక ఉంది.

తర్వాతి సంగతులు విన్నవే. డ్రైవరు పేరు సెడ్రిక్ బర్డ్. జిలియన్ ఎక్కిన బస్సుని చర్చి ముందే ఆపేశాడట. మా అమ్మాయి గుమ్మం దగ్గర పది నిమిషాలు వీధివైపే చూస్తూ నిలబడిందట. ఆర్గన్ వాయించేవాడు ఒకే పాట నాలుగుసార్లు వాయించాడట. చివరికి సెడ్రిక్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, "రామ్మా, నాకూ ఇద్దరు కూతుళ్లున్నారు" అని చెయ్యి అందించాడట. బస్సులోని పధ్నాలుగు మందీ వెనకాలే వెళ్లి కూర్చున్నారట. మా ముందుగదిలో ఉన్న పెళ్లి ఫోటోలో పెళ్లికూతురి పక్కన ఉన్నది బస్సు యూనిఫాం. చూశారా, కారు పాడైతే ఎంతమంది కొత్తవాళ్లు పరిచయమవుతారో!

నేనేం చేస్తున్నానా? ఫ్యూజు పెట్టె వెనక ఒక వైరు వదులుగా ఉంది. చేత్తోనే బిగించాను. పుట్టాక మొదటిసారి ఆ కారు ఒక్క తిప్పుకి స్టార్టయింది. ఆరుగురూ చప్పట్లు కొట్టారు. నేను చర్చికి చేరేసరికి పెళ్లి అయిపోయి, కొత్త దంపతులు నార్మన్ కారెక్కుతున్నారు.

ఆ వైరుకి ఒక అట్టముక్క కట్టి ఉంది. కారు తయారైనప్పుడు తనిఖీ చేసినవాడు కట్టిన చీటీ. శుక్రవారం, మధ్యాహ్నం మూడుంబావు. నాలుగింటికి ఫ్యాక్టరీ విడిచిపెట్టేవాళ్లు. వైరు వదులుగా ఉందని వాడికి కనపడింది కూడా. కనపడిందని రాశాడు. దాని కింద, "సరిపోతుందిలే" అని రాసి సంతకం పెట్టాడు.

నేను పంతొమ్మిదేళ్లు ఏం పని చేశానో అప్రస్తుతం అన్నాను కదా. ఆ సంతకం నాదే.

పోయిన ఆదివారం జిలియన్ భోజనానికొచ్చింది. ఐరిస్ వంటింట్లో ఉంది. నేను చీటీ తీసి బల్లమీద పెట్టాను. చదివింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. ఒట్టు గుర్తుచేస్తుందనుకున్నాను, పళ్లెం విసిరికొడుతుందనుకున్నాను.

"తిట్టవే" అన్నాను.

చీటీ మడిచి నా చేతిలో పెట్టింది. "ఎందుకులే నాన్నా. సెడ్రిక్ గారితో సరిపోయిందిలే" అని, నా కప్పులో టీ పోసింది.