ఆరో నంబరు పడక, ఒక బట్టల క్లిప్పు

మనిషి తన ఊపిరితిత్తుల పని చేసిపెట్టే యంత్రాన్ని కనిపెట్టాడు. ఆ యంత్రాన్ని ఎవరుబడితే వారు బాగు చేసేయకుండా కాపలా కాసే విభాగాన్ని కూడా మనిషే కనిపెట్టాడు. ఈ రెండిటిలో కరెంటు పోయినా ఆగకుండా నడిచేది రెండోదే.

ఆ పెద్దాసుపత్రిలో దాని పేరు 'వెంటిలేటర్ ఆవిష్కరణల ప్రోత్సాహక, నిరోధక విభాగం'. (మొదట్లో ప్రోత్సాహకం ఒక్కటే ఉండేదట. ఎవరో నిజంగానే ఒక ఆవిష్కరణ పట్టుకొచ్చేసరికి రెండోది చేర్చారు.) అలాగని విభాగం చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఒక్క ఏడాదిలో యంత్రానికి మూడు మెరుగులు దిద్దింది. అలారం మోగినా ఎవరూ రాకపోతే, ఎవరూ రాలేదని తెలిపే రెండో అలారం పెట్టింది. రెండూ ఒకేసారి మోగినప్పుడు చెవికి ఇంపుగా ఉండేలా శ్రుతి కలిపింది. తెర మీద ఒక మూల 'మీ సహనానికి ధన్యవాదాలు' అని రాయించింది.

గడియారాల మెకానిక్ భార్యకు ఇరవై మూడు రోజుల్లో ఇవన్నీ కంఠతా వచ్చేశాయి. న్యుమోనియా ముదిరి ఆవిడ భర్త ఐసీయూలో ఆరో నంబరు పడక మీద ఉన్నాడు. గొంతు కింద గొట్టం పెట్టారు కాబట్టి మాట రాదు. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. చెప్పాల్సింది నోటుపుస్తకంలో రాసి చూపిస్తాడు.

"గంటకి పదకొండు సార్లు మోగుతోంది," అని రాశాడు ఆ రోజు. కింద ఇంకో వరుస: "శ్రుతి కూడా సరిగ్గా లేదు."

మోతకు కారణం పెద్ద రహస్యమేమీ కాదు. యంత్రం గాలిని వెచ్చబరిచి, తడి చేసి పంపుతుంది. ఆ తడి గొట్టంలో నీళ్లుగా మారుతుంది. గొట్టాన్ని ఎత్తి పట్టుకోవాల్సిన ఇనప చెయ్యి వదులై వాలిపోవడంతో, ఆ నీళ్లు వాటి కోసం అమర్చిన గిన్నెలోకి పోకుండా మధ్యలో నిలిచి గుడగుడమంటున్నాయి. అది విని యంత్రం కంగారుపడి అలారం మోగిస్తుంది. నర్సు వచ్చి నీళ్లు వంపి వెళ్తుంది. రోగి కళ్లు మూసుకుంటాడు. మళ్లీ మొదలు.

"నలుగురికి నేనొక్కదాన్ని ఆంటీ," అంది నర్సు. "కొత్త చెయ్యి కావాలని రాసి పెట్టాం."

"ఎప్పుడు రాశారమ్మా?"

"నేను ఉద్యోగంలో చేరకముందు."

డాక్టరు మంచివాడు, అందుకే తొందరగా మాట్లాడాడు. "గురువారం మూడోసారి యంత్రం తప్పించి చూస్తామమ్మా. రెండు గంటలు సొంతంగా ఊపిరి పీల్చాలి. రెండుసార్లూ అరగంటకే అలిసిపోయారు. అసలు నిద్ర ఉంటే కదా! ఈసారీ కాకపోతే ఎక్కువకాలం యంత్రం మీద ఉండేవాళ్ల వార్డుకి మార్చేస్తాం."

"అక్కణ్నుంచి ఇంటికి ఎప్పుడు పంపిస్తారండీ?"

"అక్కడ చాలా బాగా చూసుకుంటారమ్మా."

(అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.)

అది సోమవారం. ఆ సాయంత్రం రోగిని చూడ్డానికి తనకిచ్చిన గంటలో సగం ఆవిడ భర్త ముఖం వంక కాకుండా గొట్టం వంకే చూస్తూ నిలబడింది. తడి దుప్పటి వేస్తే డాబా మీద తీగ ఎలా కుంగుతుందో ఇదీ అలాగే కుంగింది. తీగ కుంగితే ఏం చేయాలో ఆవిడకు పెళ్లైన మొదటి నెలలోనే తెలిసింది. నర్సుని అడిగి బ్యాండేజీ పట్టీ తీసుకుంది. గొట్టం కింద నుంచి ఉయ్యాలలా వేసి, రెండు కొసలూ సెలైన్ స్టాండుకు చుట్టి, సంచిలోని బట్టల క్లిప్పు తీసి పెట్టింది. గొట్టం ఎక్కడా నొక్కుకుపోలేదని నర్సు రెండుసార్లు తడిమి చూసింది. నీళ్లు బుద్ధిగా గిన్నెలోకి జారాయి.

పావుగంటలో ఒక్క మోతా లేదు.

"నాకు చెవులు కూడా పోయాయా?" అని రాశాడు భర్త.

"చెవులు బాగానే ఉన్నాయండీ. పడుకోండి."

మంగళవారం ఉదయం తనిఖీకి విభాగాధికారి వచ్చాడు. నియమాలన్నిటినీ ప్లాస్టిక్ అట్టల్లో బిగించి పంచిపెట్టే అలవాటు వల్ల అందరూ ఆయన్ని లామినేషన్ సారు అంటారు. క్లిప్పును రెండు వేళ్లతో ఎత్తి, తేలును పట్టుకున్నట్టు పట్టుకుని, కవరులో వేసి సీలు వేశాడు. ఆవిడ చేతికి పదిహేడు పేజీల దరఖాస్తు ఇచ్చాడు. అక్కడే కూర్చుని నింపింది. 'పరికరం వికటిస్తే ఆపే విధానం?' అన్నచోట 'తీసెయ్యాలి' అని రాసింది. 'గతంలో ఎక్కడైనా పరీక్షించారా?' అంటే 'మా డాబా మీద, పంతొమ్మిదేళ్లు' అని రాసింది.

"ఆర్నెల్లు రోగులకి వాడి చూసిన వివరాలు జతచేయాలమ్మా," అన్నాడాయన. "అప్పుడే అనుమతి."

"వాడాలంటే ఏం కావాలండీ?"

"అనుమతి."

"మరి గురువారంలోగా ఏది ముందవుతుంది?"

"రెండూ సమాంతరంగా జరుగుతాయి," అని ఆయన ఎంతో ఆప్యాయంగా చెప్పి, ఊరటగా ఒక ప్లాస్టిక్ అట్ట ఇచ్చాడు. అది నలభై ఒకటో నియమపత్రం: 'అనుమతి లేని పరికరాలు నిషిద్ధం'.

రవ్వ ప్యాకెట్ వెనక ఉన్న చిన్న అక్షరాలు కూడా చదివితే గానీ పొయ్యి వెలిగించని మనిషి ఆవిడ. అట్టను అటూ ఇటూ తిప్పి ఆసాంతం చదివింది. అడుగున తొమ్మిదో అంశం ఇలా ఉంది: 'విభాగం జారీచేసిన నియమపత్రాన్ని గానీ, దాన్ని నిలిపి ఉంచిన బిగింపును గానీ ఏ అధికారీ, ఏ కారణంచేతా కదల్చరాదు.'

"సిస్టర్, ఇంత ముఖ్యమైన సంగతి అందరికీ కనబడేలా పెట్టొద్దూ?"

"పెట్టాలి ఆంటీ," అని నర్సు మాస్కు చాటున నవ్వును సర్దుకుని కొత్త పట్టీ అందించింది.

ఆ మధ్యాహ్నం లామినేషన్ సారు మళ్లీ వచ్చేసరికి సెలైన్ స్టాండుకు ఆయన నియమపత్రం నిటారుగా వేలాడుతోంది. బ్యాండేజీ పట్టీతో చుట్టి, ఇంకో బట్టల క్లిప్పుతో బిగించి ఉంది.

"ఈ పట్టీ ఎందుకమ్మా?"

"మీ అట్ట ఊగకుండా అండీ."

"గొట్టం దాని మీద ఆనుకుందే?"

"అది వాలితే వాలనివ్వండి. కదిపితే తొమ్మిదో అంశం ఒప్పుకోదటగా."

ఆయన తొమ్మిదో అంశాన్ని పెదవులు కదుపుతూ చదివాడు. రాసింది తానే కాబట్టి అందులో ఎక్కడా సందు దొరకలేదు. "ఇంత శ్రద్ధ ఉన్న బంధువుల్ని నేను చూడలేదు," అని ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. భర్త అప్పటికే నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

గురువారం ఆవిడ బయట బెంచీ మీద కూర్చుని చీర కొంగు అంచును ఈ చివరనుంచి ఆ చివరకు మడత పెట్టింది, విప్పింది, మళ్లీ పెట్టింది. అరగంట దాటింది. గంట దాటింది. తలుపు తెరిచి నర్సు వచ్చింది.

"రెండు గంటలయ్యాయి ఆంటీ! చాలు, యంత్రం మళ్లీ పెడతామంటే వద్దని చెయ్యి ఊపుతున్నారు. ఇది మీకిమ్మన్నారు."

నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం అది. 'ఇక్కడి గోడ గడియారం రెండు గంటల్లో నాలుగు నిమిషాలు వెనకబడింది. నేను ఎక్కువే పీల్చాను.'

పది రోజుల తర్వాత ఇద్దరూ ఇంటికి వెళ్లారు.

ఆరో నెలలో దరఖాస్తుకు జవాబు వచ్చింది. రోగి సొంతంగా ఊపిరి పీల్చుకుంటున్నందున సదరు పరికరం అవసరం నిరూపణ కాలేదనీ, దరఖాస్తు మూసివేశామనీ అందులో ఉంది. మళ్లీ యంత్రం మీదికి వెళ్లే ఉద్దేశం ఉంటే నెల రోజుల్లోగా తెలపవచ్చట. "రాసెయ్, వీలు చూసుకుని వస్తానని," అన్నాడు భర్త, భూతద్దం కంటికి పెట్టుకుంటూ.

ఆ వారమే పరీక్షలకని వెళ్లినప్పుడు ఆవిడ ఐసీయూ తలుపు దగ్గర ఆగింది. లోపలినుంచి గుడగుడ, దాని వెనకే శ్రుతి కలిసిన రెండు అలారాలు వినిపించాయి. నర్సు చేయి తుడుచుకుంటూ బయటకొచ్చింది.

"మీ పడక దగ్గర రెండు రోజులు అలారం మోగలేదని లెక్కల్లో పడింది ఆంటీ. ఎందుకా అని విచారణ చేశారు. ఫోటోలో చూస్తే అక్కడొక్కచోటే నియమపత్రం కట్టి ఉంది. లామినేషన్ సారుకి ఈ ఏడాది ఉత్తమ ఆవిష్కర్త బహుమతి ఇచ్చారు. ఇప్పుడు ప్రతి పడకకీ నియమపత్రం ఉంది."

ఆవిడ అద్దంలోంచి తొంగిచూసింది. "మరి పట్టీ, క్లిప్పు?"

"అవి అనుమతి లేని పరికరాలు కదా ఆంటీ. అట్టల్ని గోడకి జిగురుతో అంటించారు."