రెండో బండి

గురువారం పొద్దున్న కాఫీ తాగుతూ ఖల్ఫాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం అసర్ నమాజు కాగానే భార్య షమ్సాను బండెక్కించుకుని ఊరి వెనక ఇసుకలోకి వెళ్లాలి. ఏదో ఒక దిబ్బ మీద పొద్దు గుంకేదాకా పక్కపక్కన కూర్చోవాలి. ఆమెకు ఒక మాట చెప్పాలి. చీకటి పడకముందే ఇల్లు చేరాలి. అంతే.

మర్నాడు షమ్సా సోహార్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. అమ్మాయికి నెలలు నిండాయి. కాన్పు, ఆ తరవాత నలభై రోజుల పథ్యం, ఆపైన పసిగుడ్డుతో మురిపాలు. ఒకసారి వెళ్లిందంటే ఎప్పటికి తిరిగొస్తుందో ఆమెకే తెలియదు. బుధవారం ఆమె బట్టలు మడతపెట్టి సంచిలో సర్దుకుంటుంటే ఖల్ఫాన్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఒక్కో బట్టా సంచిలోకి వెళ్తుంటే ఇంట్లో ఒక్కో దీపం ఆర్పేస్తున్నట్టు అనిపించింది. అరవై దాటిన మనిషి, ముగ్గురు కోడళ్లకు మామగారు. ఇలాంటి సంగతి ఎవరికి చెప్పుకుంటాడు?

ఆమెకే చెప్పుకోవచ్చు. కానీ ఎక్కడ? ఎడారి అంచు ఊరు బిదియాలో ఖల్ఫాన్ ఇల్లంటే సంత. కొడుకులు, కోడళ్లు, లెక్కకు అందని మనవలు, వీళ్లకు తోడు ముందు గదిలో ఎప్పుడూ ఎవరో ఒక అతిథి. భార్యాభర్తలు మనవల నోటిమీదుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. "తాతకి ఖర్జూరాలు ఇచ్చిరా." "నా టోపీ ఎక్కడ పెట్టిందో నానమ్మని అడుగు." పడకగదిలో కూడా మధ్యలో ఇద్దరు పిల్లలు అడ్డంగా పడుకుని కాళ్లతో తంతుంటారు.

పెళ్లయిన మొదటి ఏడు ఒకసారి, తండ్రి పికప్పు అడిగి తీసుకుని, ఆమెను దిబ్బల్లోకి తీసుకెళ్లాడు. ఇద్దరికీ సిగ్గు. చెప్పాలనుకున్న మాట గొంతులోనే ఉండిపోయింది. పొద్దు మునిగింది. ఇంటికొచ్చారు. ఆ తరవాత వరసగా పిల్లలు పుట్టారు. ఆ మాట ఇంకా గొంతులోనే ఉంది.

పథకంలో చిక్కు ఒక్కటే. మెత్తటి ఇసుకలోకి ఒంటరి బండి వెళ్లకూడదు. కూరుకుపోతే లాగడానికి కనీసం ఇంకో బండి ఉండాలి. ఊళ్లో కుర్రాళ్లందరికీ ఇసుకలో బండి నడపడం నేర్పింది ఖల్ఫానే. ఈ నియమాన్ని వాళ్ల బుర్రల్లోకి ఎక్కించిందీ ఆయనే. తనే తప్పితే పరువేం కాను? అందుకే మేనల్లుడు హుమైద్‌కు ఫోను చేశాడు.

"హుమైద్, సాయంత్రం బండేసుకుని రా. ఇసుకలో నా వెనక ఉండు. బాగా వెనక."

"ఏంటి మామా సంగతి?"

"ఇంజను ఏదో మూలుగుతోందిరా. దిబ్బ ఎక్కించి చూడాలి."

"ఇంకెవరొస్తున్నారు?"

"మీ అత్త."

"ఇంజను చూడ్డానికి అత్తెందుకు?"

"బరువు కోసం," అన్నాడు.

అవతల హుమైద్ గొంతు తగ్గించాడు. "అర్థమైంది మామా! అత్తకి తెలీకుండా వీడ్కోలు విందు చేస్తున్నావన్నమాట. నా నోటెంట ఒక్క ముక్క బయటికి రాదు, చూడు," అని పెట్టేశాడు. కాదని చెబుదామని ఖల్ఫాన్ వెంటనే మళ్లీ చేశాడు. హుమైద్ ఫోను బిజీ. కాసేపాగి చేశాడు. అప్పుడూ బిజీయే. ఆ నోటెంట ఏమీ రాకుండా ఉండడానికి హుమైద్ చాలామందితోనే మాట్లాడుతున్నట్టున్నాడు.

ఈలోగా ఇంకో అవసరం వచ్చిపడింది. బండి లాగే తాడు కనిపించలేదు. రెండో కొడుకు దాంతో ఒంటెను కట్టేశాడట, ఒంటె దాన్ని సగం నమిలేసిందట. ఖల్ఫాన్ పక్కింటికి వెళ్లాడు. పక్కింటి సుహైల్ సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. ఇప్పటికీ పెరట్లో కోళ్లు ఆయన ముందు వరసలో నడుస్తాయి.

"ఏం కబుర్లు, ఖల్ఫాన్?"

"ఏమీ లేవు, అన్నీ మంచే. మీ వైపు?"

"మంచే."

ఇలా ఇద్దరి వైపూ మంచే జరుగుతోందని తేలాక తాడు చేతికి వచ్చింది. "ఇసుకలోకా?" అన్నాడు సుహైల్.

"ఊరికే, అలా. నువ్వూ రారాదూ?"

అది ఉత్త మర్యాద మాట. బయల్దేరేవాడు రమ్మంటాడు, వినేవాడు వద్దంటాడు. సుహైల్ కూడా అలాగే చేశాడు. "అల్లా నీకు మేలు చెయ్యాలి. మీరెళ్లిరండి."

కానీ ఒక్కసారే అని ఊరుకుంటే పిలుపు ఉత్తిదని తేలిపోతుంది. "అదేం మాట? రావాలి."

"లేదులే, పనుంది."

ఇక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆగుదామనే ఖల్ఫాన్ వెనక్కి తిరిగాడు కూడా. అయితే చిన్నప్పుడు తల్లి నేర్పిన మర్యాద నాలుకలో ఇంకిపోయి ఉంది. గుమ్మం దాటుతుండగా దానంతట అదే పలికింది. "రాకపోతే నా మీద ఒట్టే!"

మూడోసారి ఒట్టుపెట్టి పిలిచాక కాదంటే పిలిచినవాణ్ణి అవమానించినట్టే. సుహైల్ వెన్ను నిటారుగా చేశాడు. "ఒట్టు దాకా తెచ్చావు. ఇంకేం చేస్తాను? వస్తాను. వట్టి చేతులతో మాత్రం రాను. మౌజా! ఆ నల్లమేకని విప్పు!"

లోపల్నించి ఆయన భార్య మౌజా కేక వినిపించింది. "నల్లమేకనా? అయితే పెద్దకుండ కావాలి. పెద్దకుండ అక్కయ్య దగ్గరుంది!"

మేక కోసం కుండ, కుండ కోసం అక్కయ్య, అక్కయ్య కోసం బావగారు. తాడు భుజాన వేసుకుని ఇంటికొచ్చిన ఖల్ఫాన్‌కు ఆ తాడు మెడకు చుట్టుకున్నట్టే ఉంది.

అసర్ కాగానే షమ్సాను తీసుకుని బయటపడ్డాడు. తారు రోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యేచోట ఆపి, టైర్ల పక్కన గొంతుక్కూర్చుని గాలి దించడం మొదలుపెట్టాడు. గాలి సగానికి తగ్గితేనే టైరు వెడల్పై ఇసుక మీద తేలుతుంది. ఆ బుస్సుమనే చప్పుడంటే ఆయనకు ఇష్టం. ఇంట్లో గోలంతా ఎవరో సన్నగా బయటికి వదిలేస్తున్నట్టు ఉంటుంది. రెండు టైర్లు అయ్యేసరికి షమ్సా, ఎప్పటిలా 'సాలిం తండ్రి' అన్న పిలుపుతో, అడిగింది. "అబూ సాలిం, వీళ్లంతా ఎవరు?"

ఖల్ఫాన్ తలెత్తాడు. రోడ్డు పొడవునా బండ్లు. ఒక్కో బండికీ, దిబ్బ వెనకున్నా కనిపించేలా, జెండా కట్టిన పొడుగాటి కర్ర.

"దారిన పోయేవాళ్లు."

"కుండలతోనా?"

మొదట హుమైద్ దిగాడు. "మామా, ఎవరికీ చెప్పలేదు! వీళ్లంతా ఎలా కనిపెట్టారో నాకే ఆశ్చర్యంగా ఉంది." ఆ వెనకే మౌజా షమ్సాను వాటేసుకుని, "చెప్పకుండా వెళ్లిపోదామనుకున్నావా తల్లీ?" అంటూ ఏడుపూ నవ్వూ కలిపేసింది. ఆఖర్న సుహైల్ దిగాడు. దిగుతూనే బండ్లను వరసలో నిలబెట్టి తనిఖీ మొదలుపెట్టాడు.

"ఇదేం గాలి? ఇంకా దించు. నీ పార ఏదీ? పార లేనివాడు ఇంటికెళ్లొచ్చు. అందరూ వినండి! ముందు బండి చక్రాల జాడలోనే వెనక బండి నడవాలి. ముందువాడు దిబ్బ దాటేదాకా వెనకవాడు ఎక్కకూడదు. ముందు బండి నాది. తోక బండి ఖల్ఫాన్‌ది, అనుభవం ఉన్నవాడే చివర ఉండాలి. మధ్య బండి ఆడవాళ్లది. ఉమ్ సాలిం అందులో ఎక్కుతుంది."

ఖల్ఫాన్ లేచి నిలబడ్డాడు. "ఆవిడ నా బండిలో వచ్చింది, సుహైల్."

"విందు ఎవరి కోసం?"

"...ఆవిడ కోసం."

"మరి ముఖ్య అతిథిని తోకలో కూర్చోబెడతావా? నలుగురూ ఏమంటారు?"

నా భార్య నా పక్కన కూర్చోవాలని నాకుంది, అని నలుగురిలో అనగలిగే మగాడు బిదియాలో ఇంకా పుట్టలేదు. మౌజా షమ్సా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. షమ్సా ఒక్కసారి వెనక్కి తిరిగింది. ముఖపట్టీలోంచి కళ్లు మాత్రమే కనిపించాయి. వాటిలో ఏముందో అంత దూరం నుంచి తెలియలేదు.

"మరి మేకనెక్కడ పెడదాం?" అన్నారెవరో.

"మామ బండి ఖాళీగానే ఉందిగా!" అన్నాడు హుమైద్.

అలా బయల్దేరారు. ఖల్ఫాన్ అన్నిటికంటే వెనక. వెనక సీట్లోంచి మేక మెడ చాచి, ఆయన భుజం మీద గడ్డం ఆనించింది. ముందు సీట్లో షమ్సా పొద్దున తన చేత్తో నింపిన కాఫీ ఫ్లాస్కు దొర్లుతోంది. దిబ్బలు ఎక్కినప్పుడల్లా మధ్య బండి జెండా కనిపిస్తోంది, దిగినప్పుడల్లా మాయమవుతోంది. రేపటి నుంచీ ఇంతేగా అనుకున్నాడు. ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో ఉండి కూడా ఆమెను ఇలా దూరం నుంచే చూస్తూ వచ్చానేమో అనిపించింది.

పెద్దదిబ్బ కింద సుహైల్ అందర్నీ ఆపాడు. చాపలు పరిచారు, కుండలు దింపారు. పొద్దు దిబ్బ అంచు మీదికి వాలిపోతోంది. ఖల్ఫాన్ బండి దిగలేదు. కాసేపటికి షమ్సా వచ్చి తలుపు తీసింది.

"కాఫీ అడుగుతున్నారు. ఫ్లాస్కు ఏదీ?" ఫ్లాస్కు సీటు కిందికి దొర్లిపోయింది. మేక దాని మీద కాలు వేసింది. ఆమె సీట్లో కూర్చుని కిందికి వంగింది. "ఈ మేకని కాస్త జరుపు."

ఖల్ఫాన్ మేకను జరపలేదు. ఇంజను స్టార్ట్ చేశాడు.

"తలుపు వేసుకో, షమ్సా."

"ఎందుకు?"

"వేసుకో."

పేరు పెట్టి పిలవడంతో తెల్లబోయి ఆమె తలుపు వేసుకుంది. బండి ఒక్క ఊపున పెద్దదిబ్బ ఎక్కడం మొదలుపెట్టింది. కింద గగ్గోలు పుట్టింది.

"బండి అదుపు తప్పింది!"

"యాక్సిలరేటర్ ఇరుక్కుంది! మామా! మామా!"

"అయ్యో, మేక!"

అందరూ ఒకేసారి బండ్లెక్కారు. ముందువాడు దాటేదాకా వెనకవాడు ఆగాలన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. మొదటి బండి సగం ఎక్కి కూరుకుపోయింది. దాన్ని తప్పించబోయి రెండోది పక్కకు జారింది. రెంటినీ తిడుతూ వచ్చిన సుహైల్ బండి, వాటి మధ్య ఇరుసుల దాకా దిగబడింది. ఈలోగా ఖల్ఫాన్ అంచు దాటి, అవతలి గుంటలోకి జారి, సరిగ్గా అడుగున మెత్తటి ఇసుకలో ఆగిపోయాడు. చక్రాలు మునిగిపోయాయి. ఇంజను కట్టేశాడు. ఎంత నిశ్శబ్దమంటే, మేక నెమరు వేయడం వినిపించింది.

దిబ్బ అంచు మీద తలలు లేచాయి.

"మామా! బతికే ఉన్నారా?"

"ఉన్నాం!"

"తాళ్లు తీసుకుని అందరం దిగి రమ్మంటావా?"

ఖల్ఫాన్ నాలుక అలవాటుకొద్దీ కదిలింది. 'దయచెయ్యండి' అన్న మాట పెదాల దాకా వచ్చేసింది. షమ్సా చెయ్యి వచ్చి ఆ నోరు మూసేసింది. ఆమే కిటికీలోంచి తల బయట పెట్టి అరిచింది. "రావద్దు!"

అంచు మీద తలలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. రావద్దనే మాట ఊళ్లో ఎవరూ ఎప్పుడూ విని ఉండలేదు. చివరికి సుహైల్ గొంతు ఆకలిగా వినిపించింది. "సరే. మేకనైనా పంపండి!"

షమ్సా వెనక తలుపు తీసింది. మేక దిగి, ఇద్దరినీ ఒకసారి చూసి, మిగతా బండ్లేవీ ఎక్కలేకపోయిన దిబ్బను నాలుగు కాళ్లతో నిదానంగా ఎక్కేసింది. అది అంచు చేరగానే తలలు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి. కాసేపటికి అవతల పొగ లేచింది.

షమ్సా ముఖపట్టీ విప్పి ఒళ్లో పెట్టుకుంది. ఫ్లాస్కు మూత తీసింది.

"నువ్వు బ్రేకు తొక్కావు," అంది.

"లేదే. ఇసుక మెత్తన."

"మెత్తటి ఇసుకలో బ్రేకు తొక్కితే దిగబడుతుందని పసిపిల్లలకి కూడా తెలుసు. నేను చూశాను. తొక్కి పట్టావు."

"కాలు జారింది."

"ఇన్నేళ్లలో ఎప్పుడూ జారలేదే."

"ఇన్నేళ్లలో ఎప్పుడూ కుదరలేదు."

ఆమె నవ్వలేదు. కాఫీ పోసి ఇచ్చింది. ఎదురుగా ఇసుక పసుపు నుంచి ఎరుపులోకి మారుతోంది. "చెప్పు మరి," అంది. "ఏదో చెప్పడానికేగా ఇంత చేశావు."

పెళ్లయిన కొత్తలో గొంతులో ఆగిపోయిన మాట కోసం ఖల్ఫాన్ వెతికాడు. అది దొరకలేదు. దాని చోట ఇంకోటి ఉంది. "నువ్వెళ్లిపోతే ఇంటినిండా మనుషులుంటారు, షమ్సా. నాకు మాత్రం ఎవరూ ఉండరు."

ఆమె ఆయన కప్పు మళ్లీ నింపింది. ఖాళీ కప్పు ఆడిస్తే ఇక చాలని అర్థం. ఆయన ఆడించలేదు, ఆమె పోస్తూనే ఉంది. ఫ్లాస్కు అయిపోయాక అంది, "నలభై రోజులు కాగానే నన్ను తీసుకెళ్లడానికి నువ్వే రా. కొడుకుల్ని పంపకు. హుమైద్‌కి అసలు చెప్పకు. ఒక్కడివే రా."

"ఒక్కణ్ణే వస్తాను."

"ఒట్టు పెట్టకు. నీ ఒట్లు చూశాంగా."

పొద్దు మునిగింది. అవతలివాళ్లు తిని, తమ బండ్లు తవ్వుకుని, తాళ్లతో వచ్చేదాకా వాళ్లిద్దరికీ ఎవరూ అడ్డం రాలేదు.

ఆ తరవాత ఊళ్లో కుర్రాళ్లకు ఇసుకలో బండి నడపడం నేర్పే పని ఖల్ఫాన్ నుంచి తీసేసి సుహైల్‌కు అప్పగించారు. ఖల్ఫాన్ అభ్యంతరం చెప్పలేదు.